చిమ్నీ ఎత్తుగా ఉంటే విషం తగ్గుతుందా?

సంపాదకులకు నమస్కారం.

బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఇక ఎఫ్‌జీడీ (పొగలోంచి గంధకాన్ని తీసేసే యంత్రాలు) పెట్టనక్కర్లేదన్న నిర్ణయం మీద మీరు వేసిన వ్యాసం చదివి వారం దాటింది. రాయాలా వద్దా అనుకుంటూ ఆగాను. నిన్న డాబా మీద ఎండబెట్టిన వడియాల మీద మళ్లీ బూడిద పడింది. ఇక ఆగలేకపోయాను.

మా ఇంటికి థర్మల్ కేంద్రం రెండు కిలోమీటర్లు. బూడిద కంటికి కనబడుతుంది కాబట్టి తిట్టుకుంటాం. కనబడని సల్ఫర్ డయాక్సైడ్ సంగతి ఎవరు అడుగుతారు? బూడిదను విద్యుత్తుతో పట్టే ఈఎస్పీ యంత్రాలు ఈ వాయువును ఆపలేవు. దానికి ఎఫ్‌జీడీయే కావాలి. పొగ మీద సున్నపురాయి పొడి కలిపిన నీళ్లు చల్లితే అందులోని గంధకం జిప్సంగా మారుతుంది. ఆ జిప్సం సిమెంటు ఫ్యాక్టరీలకు పనికొస్తుంది. సున్నపురాయికి మన పల్నాడులో, నల్గొండలో, కడపలో కరువా?

2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ చిమ్నీ పొగకు ప్రమాణాలు ప్రకటించి రెండేళ్లు గడువిచ్చింది. అది 2022కి జరిగింది. తర్వాత 2024కి, 2026కి, చివరికి 2029 దాకా. ఆ గడువు కూడా రాకముందే, 2025 జులైలో చాలావాటికి ఆ షరతే ఎత్తేశారు. చిమ్నీ నిబంధన ప్రకారం ఎత్తుగా ఉంటే చాలట. ఈలోగా 2020లో, 2004–2016 మధ్య వచ్చిన కేంద్రాలకు, పొగలోని మరో విషవాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని ఘనపు మీటరుకు 300 నుంచి 450 మిల్లీగ్రాములకు పెంచేశారు. నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. నాలుగుసార్లు గడువు అడిగిన పిల్లవాడికి చివరికి ఆ లెక్కలే చేయనక్కర్లేదని ఒక్కనాడూ చెప్పలేదు.

మన బొగ్గులో గంధకం తక్కువ, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి లోపే ఉంది అంటున్నారు. ఆ వాయువు దారిలోనే సల్ఫేటు ధూళిగా మారి, పీఎం 2.5 అనే అతి సన్నని ధూళిలో కలిసి వందల కిలోమీటర్లు పోతుంది. అలాంటప్పుడు వాయువు కొలత తక్కువే వస్తుంది కదా! 275 మీటర్ల చిమ్నీ నుంచి వదిలినా వదిలే విషం తగ్గదు. మా మీద పడాల్సింది పక్క జిల్లా వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అంతే తేడా. పది లక్షల జనాభా ఉన్న నగరానికి పది కిలోమీటర్ల లోపు ఉంటే మాత్రం ఎఫ్‌జీడీ తప్పదట. పల్లెటూరి వాళ్లం పీల్చేది గాలి కాదా?

ఇక్కడి అధికారుల తీరు ఇంకా బాధ కలిగిస్తోంది. థర్మల్ కేంద్రం గేటు దగ్గర కాలుష్యం వివరాలు చూపే డిజిటల్ బోర్డు నెలల తరబడి వెలగడం లేదు. మూడుసార్లు దరఖాస్తు ఇచ్చాను. రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. ఒకప్పుడు పోస్టుకార్డు రాసినా ఎవరో ఒకరు వచ్చి చూసి వెళ్లేవారు.

మీరు బంగారం ధర రోజూ వేస్తారు. దాని పక్కనే మన రెండు రాష్ట్రాల చిమ్నీల్లోంచి నిన్న ఎంత సల్ఫర్ డయాక్సైడ్, ఎంత ధూళి వచ్చిందో కూడా వేయండి. కొలిచే యంత్రాలు చిమ్నీలకు ఉన్నాయి, ఆ అంకెలు కాలుష్య నియంత్రణ మండలికి చేరుతూనే ఉన్నాయి. అడిగి తీసుకోండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు