ఆండ్రోమెడాకి పట్టిన పాచి

ఏరా బావా,

నా ఆండ్రోమెడా గెలాక్సీ ఫోటో చూసి "పాచి పట్టిన కుంటలా ఉందేంట్రా" అన్నావు. మూడు గంటలు చలిలో కూర్చుని తీసిన ఫోటో అది! ఆ రోజు ఉడుక్కున్నాను గానీ, నీ మాట నిజమే.

మొన్న నవంబరులో వికారాబాద్ దాటి ఒక పొలం గట్టు మీద మకాం పెట్టాను. రాత్రి తొమ్మిదికల్లా ఆండ్రోమెడా ఉత్తరం వైపు బాగా పైకెక్కింది. రెండు నిమిషాల చొప్పున తొంభై ఫ్రేములు తీశాను. ఇంటికొచ్చి సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ కలిపి చూస్తే అంతా ఆకుపచ్చగా ఉంది.

తప్పు గెలాక్సీది కాదు. కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్ళలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. పైగా సెన్సర్ పచ్చ వెలుగునే బాగా పట్టుకుంటుంది. మామూలు ఫోటోల్లో కెమెరా మనకి చెప్పకుండా ఎరుపునీ నీలాన్నీ పెంచేస్తుంది. కెమెరా ఏమీ దిద్దకుండా ఇచ్చే రా (RAW) ఫైళ్ళలో ఆ పని మనమే చెయ్యాలి.

ఎంత పెంచాలో ఎలా తెలుస్తుంది? మీ అమ్మ చీర కొనేటప్పుడు రంగు చూడ్డానికి షాపు బయటకి, ఎండలోకి పట్టుకెళ్తుంది చూడు, అలాంటిదే. ఇక్కడ ఎండ బదులు నక్షత్రాలు. ఫోటోలో ఉన్న నక్షత్రాల అసలు రంగుల్ని గయా ఉపగ్రహం కొలిచి పెట్టింది. సిరిల్ వాటితో పోల్చి మన రంగుల్ని సరిచేస్తుంది. అంతే, పాచి పోయింది! ముసలి నక్షత్రాలున్న నడిబొడ్డు లేత పసుపులోకి, చుట్టూ సుడి తిరిగిన, కుర్ర నక్షత్రాలున్న చేతులు నీలంలోకి వచ్చాయి.

కానీ చేతుల వెంట ఉండాల్సిన గులాబీ చుక్కలు మాత్రం రాలేదు. అవి కొత్త నక్షత్రాలు పుట్టే హైడ్రోజన్ మబ్బులు. వాటి వెలుగు 656.3 నానోమీటర్ల దగ్గర, ముదురు ఎరుపులో వస్తుంది. సెన్సర్‌కి మన కంటికి కనపడని పరారుణం కూడా కనిపిస్తుంది కాబట్టి, దాన్ని ఆపడానికి కంపెనీవాళ్ళు సెన్సర్ ముందు ఒక ఫిల్టర్ అద్దం పెడతారు. ఆ అద్దం ఈ ఎరుపులో కూడా చాలావరకు మింగేస్తుంది. పంతం పట్టి ఎరుపు పెంచాను. చుక్కలు రాలేదు సరికదా, నడిబొడ్డు మిరపకాయ బజ్జీలా తయారైంది.

ఇందుకోసమే కానన్ 2005లో 20డీఏ, 2012లో 60డీఏ, నికాన్ 2015లో డీ810ఏ అనే కెమెరాలు తెచ్చాయి, ఈ ఎరుపుని వదిలే అద్దంతో. నా పాత కెమెరాలో ఆ అద్దం తీయించేయాలని మనసు పీకుతోంది. తీయిస్తే పగటి ఫోటోల్లో మొహాలన్నీ ఎర్రబారతాయి. "పిల్లాడి పుట్టినరోజు అయ్యేదాకా ముట్టుకోకండి" అని ఇంట్లో ఆర్డరు.

"అసలు రంగు ఏది మరి" అంటావు, తెలుసు. బైనాక్యులర్స్‌లో చూసి నువ్వే కదా బూడిద మరక అన్నది! అంత మసక వెలుగులో మన కంటికి రంగే తెలీదు. అందుకే నక్షత్రాలతో సరిచూసిన రంగునే నేను నమ్ముతాను. ఆ పైన పెంచేదంతా మన సరదా.

వచ్చే అమావాస్యకి ఎం33 అనే ఇంకో గెలాక్సీని తీద్దాం. దాంట్లో ఎన్‌జీసీ 604 అనే పేద్ద హైడ్రోజన్ మబ్బు ఉంది, అద్దం ఉన్నా కొంచెమైనా పడుతుందని ఆశ. చాప నేను తెస్తా, ఫ్లాస్కులో టీ నీది. లెన్స్ మీద మంచు తుడవడానికి ఒక పాత పంచె కూడా పట్టుకురా.

నీ
బజ్జీల ఫోటోగ్రాఫర్