కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మురుగు కాలవల పూడికతీత, దోమల మందు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం. మిగతా ఏడాదంతా సంఘం పని ఒక్క చోటే: కాలవ వంతెన పక్క సెంటర్‌లో, సిగ్నల్ దగ్గర.

సిగ్నల్ వచ్చాక బళ్లు ఓ దారికొచ్చాయి గానీ నడిచి దాటేవాళ్ల టెన్షన్ తగ్గలేదు. పచ్చ మనిషి బొమ్మ ఎక్కువసేపు ఉండదని, ఎడమకు తిరిగే బళ్లు అసలు ఆగవని అందరూ చెప్పారు. సిగ్నల్ లెక్కల్లో మనిషి నడకను మామూలుగా సెకనుకు 1.2 మీటర్లని తీసుకుంటారు. ఆ లెక్కన 15 మీటర్ల రోడ్డుకు పన్నెండున్నర సెకన్లు చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సెకనుకు 0.9 మీటర్లు నడిస్తే గొప్ప. వాళ్లకు దాదాపు 17 సెకన్లు కావాలి. ఆ నాలుగైదు సెకన్ల తేడాతోనే వాళ్లు నడిరోడ్డు మీద చిక్కుకుపోతున్నారు. ‘చాలా ఇబ్బందిగా ఉంది’ అంటూ పెట్టిన పాత అర్జీలకు ఉలుకూ పలుకూ లేదు. ఈ లెక్క రాసి పెడితే మనుషులొచ్చి చూశారు, సమయం పెంచారు. సాయంత్రం మాత్రం రద్దీ పేరుతో మళ్లీ తగ్గిస్తున్నారు. పెద్దవాళ్లు గుడికి బయల్దేరే వేళ కూడా అదే.

రోడ్డు మధ్యలో ఆగి నిలబడేందుకు దిమ్మె కట్టమని అడిగితే చోటు లేదన్నారు. నిజమే, మన డెల్టా ఊళ్లలో చాలా రోడ్లు కాలవ గట్ల మీదే పుట్టాయి, ఒకపక్క నీళ్లు, ఒకపక్క కొట్లు. ఫుట్‌పాత్ మీదికి తోసిన సామాను సంగతి వేరు. అందులో మన సభ్యుల సామానూ ఉందని ఇక్కడ రాయక తప్పదు.

ఎడమ మలుపు దగ్గర గీతలు మళ్లీ వేయించాం, బోర్డు పెట్టించాం. 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం జీబ్రా గీతల మీద నడిచేవాళ్లకే ముందు దారివ్వాలి. ఎర్ర లైటు దాటడం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగే. బోర్డు చూసి ఆగేవాళ్లు తక్కువ, కానిస్టేబుల్‌ని చూసి ఆగేవాళ్లు ఎక్కువ.

బడులు తెరిచిన వారం పిల్లలకు ఒక్కటే నేర్పాం: పచ్చ మనిషి మిణుకుమంటే కొత్తగా అడుగు వేయకూడదు, సగం దాటినవాళ్లు వెనక్కి తిరగకుండా దాటేయాలి. వాళ్లు ఇంటికెళ్లి నాన్నలను నిలదీశారట, అదే మాకు దక్కిన మెప్పు.

దాళ్వా (రబీ) ధాన్యం ట్రాక్టర్లు వెనక లైట్లు లేకుండా రాత్రిళ్లు తిరుగుతున్నాయి. వాటికి రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించే పని సగంలో ఉంది. 2027 గోదావరి పుష్కరాల రద్దీకి ముందే చూపులేనివాళ్ల కోసం సిగ్నల్‌కు బజర్ పెట్టించాలని తీర్మానించాం. సాయంత్రాలు సిగ్నల్ దగ్గర గంటసేపు నిలబడగలిగినవాళ్లు కార్యదర్శిగారికి పేర్లివ్వండి. ముఖ్యంగా కుర్రాళ్లు కావాలి, ఇప్పటిదాకా వచ్చినవాళ్లంతా రిటైరైనవాళ్లే.