కీపింగ్ చేసినోడివి, నువ్వే ఇలా అంటే ఎలా బాబాయ్

బాథెల్, నవంబర్ 2025

బాబాయ్,

ఎలా ఉన్నావు, పిన్ని మోకాలు నొప్పి తగ్గిందా. మొన్న ఫోన్లో ఇక్కడి బేస్‌బాల్ అవార్డు గురించి చెప్తుంటే "యావరేజ్ ఎవడికి ఎక్కువుంటే వాడికిస్తారే, దాంట్లో గొడవేముంది" అని తేల్చేసి పెట్టేశావు చూడు, అప్పట్నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. కరెంటు పోయి వైఫై ఆగిపోయిందని పిన్ని తర్వాత చెప్పింది గానీ నువ్వు కావాలనే పెట్టేశావని నా డౌటు. ఫోన్లో అయితే నన్ను రెండు ముక్కలు కూడా మాట్లాడనివ్వవు కాబట్టి ఇలా రాస్తున్నా, ఇక్కడైతే మధ్యలో అడ్డం రాలేవు. థాంక్స్‌గివింగ్ సెలవులు కూడా వచ్చాయి, తీరిగ్గా రాస్తా, తీరిగ్గా చదువు.

సంగతేంటంటే ఇక్కడ మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో రెండు లీగులు, అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్. ఒక్కోదానికి ఏటా ఒక ఎంవీపీ, మన మ్యాన్ ఆఫ్ ద సిరీస్ టైపే, కాకపోతే ఈ సిరీస్‌లో 162 మ్యాచ్‌లు. నేషనల్ లీగ్‌లో ఈసారి గొడవే లేదు, డాడ్జర్స్ ఒటానీకి 30కి 30 ఓట్లు, నాలుగోసారి, అక్కడితో అయిపోయింది. రచ్చంతా అమెరికన్ లీగ్‌లోనే. న్యూయార్క్ యాంకీస్ ఆరన్ జడ్జ్ ఒకపక్క, మా సియాటిల్ మెరైనర్స్ క్యాల్ రాలీ ఇంకోపక్క. చివరికి జడ్జ్‌కి ఇచ్చారు. జడ్జ్‌కి ఇది మూడోది, 2022, 2024, ఇప్పుడు 2025.

ముందు జడ్జ్ లెక్కలు చెప్తా, లేకపోతే నేను ఉండే ఊరని పక్షపాతం అంటావు. బ్యాటింగ్ యావరేజ్, అంటే ఆడిన వందసార్లలో ఎన్నిసార్లు హిట్ కొట్టాడని, .331, రెండు లీగుల్లో కలిపి అదే టాప్. 53 హోమ్ రన్లు, మన సిక్సర్ల టైపే. బ్యాటింగ్‌కి వచ్చిన వందసార్లలో 45 సార్లకి పైగా ఔటవకుండా బేస్ మీదకి చేరాడు, అలా 30 సార్లు చేరితేనే ఇక్కడ పర్లేదంటారు. జులై చివర్లో మోచేతికి దెబ్బ తగిలి కొన్ని రోజులు కూర్చున్నాడు, అయినా 152 మ్యాచ్‌లు ఆడాడు. మనిషి కూడా ఆరడుగుల ఏడంగుళాలు, క్రీజులో నిలబడితేనే పిచర్‌కి, అంటే వీళ్ళ బౌలర్‌కి, సగం ధైర్యం పోతుంది.

ఇక రాలీ. 60 హోమ్ రన్లు, 125 ఆర్బీఐలు, అంటే వాడి బ్యాట్ వల్ల టీమ్‌కి వచ్చిన పరుగులు, రెండిట్లోనూ అమెరికన్ లీగ్‌లో ఫస్ట్. యావరేజ్ మాత్రం .247. అది చదవగానే నువ్వు మొహం అదోలా పెడతావని తెలుసు, కొంచెం ఆగు. ఒక్క సీజన్‌లో 60 కొట్టినోళ్ళు ఇన్నేళ్ళ చరిత్రలో ఏడుగురే, అందులో జడ్జ్ కూడా ఉన్నాడనుకో, 2022లో 62 కొట్టాడు. రాలీ క్యాచర్, అంటే వీళ్ళ కీపర్. ఇంతకుముందు క్యాచర్‌కి రికార్డు 48, 2021లో సాల్వడార్ పెరెజ్‌ది. మిక్కీ మాంటిల్ అని పాత రోజుల్లో యాంకీస్‌కే పెద్ద దేవుడు, రాలీలా ఎడంచేతి, కుడిచేతి రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాళ్ళలో 1961 నుంచి ఆయన 54 కొట్టిందే రికార్డు, అదీ పోయింది. 60వది కొట్టిన రాత్రే, సెప్టెంబర్ 24న, మెరైనర్స్ డివిజన్, అంటే లీగ్‌లో వాళ్ళ గ్రూపు, గెలిచారు, 2001 తర్వాత మళ్ళీ ఇప్పుడే. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్లో అందరూ బాల్కనీల్లోకొచ్చి కేకలు, మన సంక్రాంతి కోడిపందాల దగ్గర కూడా అంత గోల ఉండదు.

ఇక్కడే నాకు మా సియాటిల్ వాళ్ళ మీద కూడా కోపం. అందరూ అరవై అరవై అని ఒకటే పాట. 60కి 53కి తేడా ఏడే కదా, ఆ ఏడు చూపించి అవార్డు ఇమ్మంటే నేనూ ఒప్పుకోను. బ్యాటింగ్ ఒక్కటే చూస్తే జడ్జే, దాంట్లో రెండో మాట లేదు. రాలీకి ఇవ్వాలని నేననేది బ్యాటింగ్ వల్ల కాదు, వాడు బ్యాట్ పక్కన పెట్టాక చేసే పని వల్ల, ఆ పని గురించి ఎవడూ సరిగ్గా మాట్లాడట్లేదు.

నీకు ఇది వేరే చెప్పాలా చెప్పు. కాలేజీ టీమ్‌లో మూడేళ్ళూ కీపింగ్ చేసినోడివి, నీ కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ వంకరే, నీళ్ళ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా అది పక్కకి లేచి ఉంటుంది. క్యాచర్ అంటే ఆ పనే కానీ దానికి పదింతలు. కీపర్‌కి ఓవర్ల మధ్య కాస్త నడిచే టైమ్ ఉంటుంది, స్పిన్‌కి ముందుకొస్తాడు, ఫాస్ట్‌కి వెనక్కెళ్తాడు. వీడు ప్రతి బంతికీ గొంతుక్కూర్చోవాలి, మ్యాచ్‌కి దాదాపు 150 బంతులు, గంటకి 95 మైళ్ళ స్పీడులో వచ్చేవి, బ్యాట్‌కి కాస్త తగిలి దారి మళ్ళితే నేరుగా మాస్క్ మీదకో, భుజం మీదకో, చెప్పకూడని చోటకో. ఈ వేసవిలో మా ఆఫీసు వాళ్ళతో ఒక మ్యాచ్‌కి వెళ్తే హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ నిలబడే చోటు, వెనకాలే సీట్లు దొరికాయి, ఆ తగిలే చప్పుడు అక్కడిదాకా వినిపిస్తుంది బాబాయ్. ఒకటి మాస్క్‌కి టప్‌మని కొట్టుకుంది, రాలీ మాస్క్ తీసి తల ఒకసారి విదిలించి మళ్ళీ కూర్చున్నాడు, నా పక్కనోళ్ళు నాచోస్ తింటూనే ఉన్నారు.

అది కాక ఏ బంతి వెయ్యాలో పిచర్‌కి చెప్పేది కూడా క్యాచరే. ఇదివరకు వేళ్ళతో సైగలు చేసేవాళ్ళు, 2022 నుంచి మోకాలికో చేతికో చిన్న బటన్ల డబ్బా కట్టుకుని నొక్కుతారు, పిచర్ టోపీలో వినిపిస్తుంది. ఇంకోటి ఫ్రేమింగ్ అంటారు. బంతి స్ట్రైక్ జోన్ అంచున, అంటే బ్యాటర్ ఎదురుగా ఊహించుకునే చట్రం అంచున, పడినప్పుడు గ్లవ్‌ని ఊరికే లాక్కోకుండా, మెత్తగా లోపలికి జరిపి అక్కడే ఆపుతారు, అంపైర్ స్ట్రైక్ ఇచ్చేస్తాడు, మూడు స్ట్రైకులైతే బ్యాటర్ ఔట్. మోసం కాదు, అదొక విద్య. అలా అక్కడో స్ట్రైక్ ఇక్కడో స్ట్రైక్ పోగేస్తే సీజన్ మొత్తానికి బోలెడు పరుగులు ఆగుతాయి. 2026 సీజన్ నుంచి మన డీఆర్‌ఎస్‌లా బాల్-స్ట్రైక్‌కి ఛాలెంజ్ పెడుతున్నారు, టీమ్‌కి రెండు, అది కోరే హక్కు బ్యాటర్‌కి, పిచర్‌కి, క్యాచర్‌కి మాత్రమే. ఇదంతా చేస్తూ రాలీ 159 మ్యాచ్‌లు ఆడాడు, అందులో సుమారు 120 గొంతుక్కూర్చునే. మిగతావి ఉత్త బ్యాటింగే.

మా ఆఫీసు టీమ్‌లో ఒక న్యూయార్క్ అబ్బాయి ఉన్నాడు, పుట్టుకతోనే యాంకీస్ పిచ్చి, వాడు స్టాండప్ మీటింగ్ అయ్యాక కూడా లైన్లో ఉండి నాతో వాదిస్తాడు. వాడి బ్రహ్మాస్త్రం వార్ అనే నంబర్. అంటే యుద్ధం కాదు, బ్యాటింగ్, ఫీల్డింగ్, బేస్‌ల మీద పరుగు అన్నీ కలిపి, వీడి స్థానంలో మామూలోడిని పెడితే టీమ్ ఎన్ని మ్యాచ్‌లు తక్కువ గెలిచేది అని ఒక లెక్క. అందులో జడ్జే ముందున్నాడు, నిజమే. కానీ ఆ లెక్క వేసే సైట్లు రెండున్నాయి, ఒక దాంట్లో తేడా రెండుకి పైన, ఇంకోదాంట్లో ఒకటే. ఎందుకో తెలుసా, రెండోది ఫ్రేమింగ్‌ని కలుపుతుంది, మొదటిది కలపదు. అదొక్కటే కారణమని అనను గానీ పెద్ద కారణం అదే. పిచర్లని నడిపించడం, మోకాళ్ళు అరగడం ఇవి రెండిట్లోనూ లేవు. ఇది చెప్తే వాడు "లెక్కలో లేనిదాన్ని నువ్వెలా లెక్కేస్తావ్" అంటాడు. మొన్న ఫోన్లో నువ్వన్నట్టే.

ఓట్లు ఎలా వేస్తారో కూడా చెప్తా, నీకు ఎలక్షన్లంటే ఇష్టం కదా. బేస్‌బాల్ రైటర్ల సంఘం ఒకటుంది, 1931 నుంచి వాళ్ళే ఇస్తున్నారు. టీమ్ ఉన్న ప్రతి ఊరి నుంచి ఇద్దరు, 15 టీమ్‌లకి 30 మంది, ఒక్కొక్కరు పది పేర్లు వరసగా రాయాలి. ఫస్ట్‌కి 14 పాయింట్లు, సెకండ్‌కి 9, ఆ తర్వాత 8, 7, అలా పదో పేరుకి 1. జడ్జ్‌కి 17 ఫస్ట్‌లు, రాలీకి 13, మిగిలినవి ఒకళ్ళకొకళ్ళు సెకండ్. మొత్తం 355కి 335. కాగితం మీద వేసి చూడు, ఇద్దరంటే ఇద్దరు రైటర్లు మనసు మార్చుకుని ఉంటే 345, 345 టై అయ్యేది. ఇంకొక్కడు మారితే మనదే.

ఇలాంటి అన్యాయాలు ఇక్కడ కొత్త కాదులే. 1947లో టెడ్ విలియమ్స్ యావరేజ్, హోమ్ రన్లు, ఆర్బీఐ మూడిట్లోనూ ఫస్ట్ వచ్చాడు, దాన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు, అయినా ఒక్క పాయింట్ తేడాతో, 202కి 201, జో డిమాజియోకి ఇచ్చేశారు. డిమాజియోది యాంకీస్ అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. 2012 గొడవ మాత్రం నాకు చాలా ఇష్టం. డెట్రాయిట్ మిగెల్ కబ్రేరా 1967 తర్వాత మొదటి ట్రిపుల్ క్రౌన్ కొట్టాడు, అవతల ఏంజెల్స్‌లో మైక్ ట్రౌట్ అని కొత్త కుర్రాడు, వార్ లెక్కలో కబ్రేరా కంటే చాలా పైన. లెక్కల పిల్లలంతా ట్రౌట్ ఫీల్డింగ్ చూడండి, పరుగు చూడండి అని గోల, పాతకాలం వాళ్ళు హోమ్ రన్లు చూడండి అని గోల. కబ్రేరాకే ఇచ్చారు, 28లో 22 ఫస్ట్‌లు. అదే రైటర్లు, అదే మూడ్‌లో ఉండి ఈ ఏడాది ఓటేసి ఉంటే 60 హోమ్ రన్లు, డివిజన్ టైటిల్ చూసి రాలీకి కళ్ళు మూసుకుని ఇచ్చేవాళ్ళు. పదమూడేళ్ళలో మొత్తం తిరగబడింది. అయితే ఆ రోజు ఫీల్డింగ్ కూడా చూడండి అని అరిచిన లెక్కల పిల్లలే ఇవాళ క్యాచర్ దగ్గరికొచ్చేసరికి జడ్జ్ బ్యాటింగ్ చూడండి అంటున్నారు, అది నాకు మింగుడు పడట్లేదు.

ఇంకోటి చూడు. అమెరికన్ లీగ్‌లో చివరగా ఈ అవార్డు వచ్చిన క్యాచర్ జో మావర్, 2009లో. నేషనల్ లీగ్‌లో బస్టర్ పోజీ, 2012లో. ఇద్దరూ ఆ ఏడాది తమ లీగ్ బ్యాటింగ్ యావరేజ్‌లో టాప్, మావర్ .365, పోజీ .336. అంటే క్యాచర్‌కి ఇవ్వాలంటే ముందు వాడు బ్యాటింగ్‌లో అందరికంటే పైనుండాలి, కీపింగ్ ఏమో ఫ్రీగా వచ్చిన కరివేపాకు.

ప్లేఆఫ్స్ గురించి అడిగావు కదా, అవి లెక్కలోకి రావు, ఓట్లు అంతకుముందే వేసేస్తారు. అందులో జడ్జ్ ఇరగదీశాడు, అయినా యాంకీస్ టొరంటో చేతిలో పోయారు, మా వాళ్ళూ అదే టొరంటో చేతిలో ఏడో గేమ్‌లో 4-3తో పోయారు. ఆ మ్యాచ్‌లో రాలీ కూడా ఒక హోమ్ రన్ కొట్టాడు, ఏడో ఇన్నింగ్స్‌లో టొరంటో స్ప్రింగర్ కొట్టిన హోమ్ రన్‌తో అంతా అయిపోయింది. వరల్డ్ సిరీస్ ముఖం కూడా చూడని టీమ్ ఇప్పటికీ మా మెరైనర్స్ ఒక్కటే. ఇంతకంటే రాయను, ఏడుపొస్తుంది.

ఇప్పుడు నీ యావరేజ్ రూలు దగ్గరికొద్దాం. 2001 ఆస్ట్రేలియా సిరీస్, లక్ష్మణ్ 281. మ్యాన్ ఆఫ్ ద సిరీస్ భజ్జీకి ఇచ్చారని నువ్వు ఇరవై నాలుగేళ్ళుగా ప్రతి పెళ్ళిలో, ప్రతి భోజనాల బంతిలో గొడవ పడుతున్నావు, ఆఖరికి మా పెళ్ళి రిసెప్షన్‌లో కూడా. భజ్జీ 32 వికెట్లు, లక్ష్మణ్ 503 పరుగులు. సరే, యావరేజే చూద్దాం. ఆ సిరీస్‌లో హేడెన్ 549 కొట్టాడు, యావరేజ్ 109 దాటింది, లక్ష్మణ్‌ది 84 లోపు. నీ రూలు ప్రకారం హేడెన్‌కి ఇవ్వాలి బాబాయ్. ఇమ్మంటావా? అనవు కదా, ఫాలో ఆన్ ఆడుతూ కొట్టాడే, ఏ టైమ్‌లో కొట్టాడే అంటావు. ఆ మాటే నేను మోకాళ్ళ మీద కూర్చున్నవాడి గురించి అంటున్నా.

దీనికి జవాబు ఫోన్లో వద్దు, రాసి పంపు, వాయిస్ మెసేజ్ అయినా పర్లేదు. వీసా స్టాంపింగ్ అయితే ఏప్రిల్‌లో నువ్వూ పిన్నీ వస్తారుగా, ఇద్దరినీ మ్యాచ్‌కి తీసుకెళ్తా. స్టేడియానికి పైకప్పు ఉంది గానీ పక్కలు తెరిచే ఉంటాయి, రాత్రయితే చలి కొరికేస్తుంది, స్వెటర్లు తప్పకుండా పెట్టుకోండి. అక్కడ వేయించిన మిడతలు అమ్ముతారు, ఉప్పూ కారం నిమ్మకాయ వేసి, నిజంగానే, పిన్నికి మాత్రం ముందే చెప్పకు, టికెట్ క్యాన్సిల్ చేయిస్తుంది. గోంగూర పచ్చడి కిలో కంటే ఎక్కువ పెట్టొద్దని చెప్పు, పోయినసారి సూట్‌కేసంతా నూనె.

ఉంటాను,
నీ చిట్టి