శాలువాలు వద్దు, వాళ్ల పేర్లు గోడ మీద రాయించండి

బెంగళూరు అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

వార్డు బాగోగులు చూసే వార్డు కమిటీల్లో జీతం లేకుండా పనిచేసే మనుషుల గురించి ఈ ఉత్తరం. బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) రోజుల్లో 198 వార్డుల్లో ఇలాంటివాళ్లు నెలనెలా మీటింగులకు వెళ్లారు, అర్జీలు రాశారు, అధికారుల గదుల బయట బెంచీల మీద కూర్చున్నారు. 2025 సెప్టెంబర్ 2న బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వార్డులు 369 అయ్యాయి. ఈ హడావుడిలో పాతవాళ్లను పిలిచి ఒక మంచి మాట చెప్పినట్టు నాకు కనబడలేదు. కొత్త వార్డుల్లో వాళ్ల స్థానంలోకి వచ్చేవాళ్ల విషయంలోనైనా అలా జరగకూడదని రాస్తున్నాను.

కన్నడ ప్రతిని మీ కార్యాలయంలో ఇచ్చాను. తెలుగులో కూడా రాయడానికి కారణం మావాళ్లే. నేనుండేది కె.ఆర్.పురం వైపు. రామమూర్తినగర్ నుంచి మారతహళ్లి, మున్నేకొళాల, వైట్‌ఫీల్డ్ దాకా ఏ పీజీకి వెళ్లినా, ఏ టిఫిన్ బండి దగ్గర నిలబడినా తెలుగు వినిపిస్తుంది. అనంతపురం, చిత్తూరు, కడప నుంచి వచ్చినవాళ్లు కొందరైతే, తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు కొన్ని. ఇంతమందిలో వార్డు కమిటీ అనేది ఒకటుందని తెలిసినవాళ్లు అరుదు. చెబితే ముందు అడిగేది "జీతమెంత?" అని. ఆంధ్రాలో 2019లో పెట్టిన వాలంటీర్లకు నెలకు 5 వేలు ఇచ్చేవారు కదా, ఆ లెక్కలో అడుగుతారు. ఏమీ ఇవ్వరంటే "మరెందుకండీ అంత తిరుగుడు?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబు మీరు చెప్పాలి. ప్రస్తుతానికి నాకు తెలిసినంత నేను చెబుతాను.

కమిటీలు ఊరికే వచ్చినవి కావు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జనాభా 3 లక్షలు, ఆపైన ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతోంది. ప్రతి వార్డుకూ ఒక కమిటీ అని కర్ణాటక 2011లో చట్టం మార్చింది. కార్పొరేటర్ అధ్యక్షత, పదిమంది సభ్యులు, వాళ్లలో కనీసం ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు ఎస్సీ, ఎస్టీలు, ఇద్దరు నివాసుల సంఘాల తరఫువాళ్లు. కాగితం మీద బాగానే ఉండేది. నగరం చెత్త సమస్య మీద నడిచిన కేసులో హైకోర్టు గట్టిగా అడిగాక, 2017లో గానీ బెంగళూరులో కమిటీలు కదలలేదు. నెలలో మొదటి శనివారం మీటింగ్ అనే పద్ధతి ఆ తర్వాత ఏడాదికి వచ్చింది. మీటింగ్ పెట్టకపోతే అడిగేవాళ్లు ఉండబట్టే అది కొంతైనా నిలబడింది.

మా వైపు కమిటీలో ఒక పెద్దాయన ఉండేవారు. దూరవాణి నగర్లో టెలిఫోన్ పరికరాలు చేసే ఐటీఐ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. సాయంత్రం వాకింగ్‌కి వెళ్లినప్పుడు వెలగని వీధి దీపాల స్తంభాల నంబర్లు చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. ఏ నంబరు, ఏ తేదీన చెప్పాం, ఎప్పుడు వెలిగింది, మళ్లీ ఎప్పుడు ఆరిపోయింది, అన్నీ అందులో ఉంటాయి. "లైట్లు పోయాయి సార్" అంటే ఇంజనీర్ తలూపి పంపించేస్తాడు. స్తంభం నంబరు, తేదీ చదివితే అలా పంపడం కుదరదు. ఈ చిన్న కిటుకు ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఫ్యాక్టరీ అలవాటు.

ఇంకొకావిడ ఇంటి ముందు గదిలో టైలరింగ్ చేసుకుంటారు. ఆవిడ పట్టు పట్టింది చెత్త మీద. 2015 డిసెంబర్ హైకోర్టు ఆదేశం తర్వాత ఊరంతా తడి, పొడి చెత్త విడదీసే రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతి వచ్చింది గానీ, రాత్రి బండి మీద పోతూ మూల మీద సంచి విసిరేసేవాళ్లకు ఆ ఆదేశం సంగతి పట్టదు. అలాంటి మూలలను ఇక్కడ బ్లాక్ స్పాట్ అంటారు. ఆవిడ ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని తెల్లవారుజామున అక్కడ నిలబడేవారు. శుభ్రం చేయించి ముగ్గు వేసేవారు. వారానికి మళ్లీ సంచులు పడేవి, మళ్లీ ముగ్గు పడేది. చివరికి ముగ్గే గెలిచింది. ఆ మూలలో ఇప్పుడు కొబ్బరిబోండాల బండి ఉంది. బండివాడు కూడా ఎవర్నీ చెత్త వెయ్యనివ్వడు.

కమిటీ పని అంటే ఇదే. మురుగు కాలువ, పార్కు, ఫుట్‌పాత్, వీధి దీపం, చెత్త ఆటో రాకపోవడం. పెద్ద విషయాలేం కావు. కానీ ఇవి సరిగ్గా లేకపోతే మనిషికి పొద్దున లేచినప్పటి నుంచీ చికాకే.

2020 సెప్టెంబర్ 10న కార్పొరేటర్ల పదవీకాలం అయిపోయింది. ఆ తర్వాత ఎన్నికలు ఏళ్లకు ఏళ్లు జరగలేదని మీకు చెప్పక్కర్లేదు. కార్పొరేటర్ల బదులు నోడల్ ఆఫీసర్లను వేసి మీటింగులు నడిపించారు. ఆ ఆఫీసర్లు బదిలీ మీద వస్తారు, పోతారు. వార్డులో పోయిన ఏడాది ఏం తీర్మానించారో గుర్తున్నది ఈ సభ్యులకే. 2021-22 బడ్జెట్లో వార్డుకు 60 లక్షలు కమిటీ సూచన ప్రకారం ఖర్చు పెట్టమన్నప్పుడు ఏ రోడ్డు గుంతలు ముందు, ఏ ఫుట్‌పాత్ ముందు, ఏ బోరు ముందు అని తగువులాడి తేల్చాల్సింది వీళ్లే. 2022 సెప్టెంబర్ వానలకు మహదేవపుర వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు వాననీళ్లు పోయే రాజకాలువ ఎక్కడ ఇరుకైందో చెప్పగలిగింది కూడా ఇలాంటివాళ్లే. 2024 వేసవిలో ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని ప్రభుత్వమే ఒప్పుకుంది. అప్పుడు ఏ వీధికి ట్యాంకర్ వచ్చింది, ఏ వీధికి రాలేదు అని లెక్క రాసిన మనుషులు ఏ వార్తలోనూ కనబడలేదు.

కనబడకపోతే ఏమైంది అంటారా? అసలు సమస్య అక్కడే ఉంది. ఆ టైలర్ గారు చెత్త ఆటో డ్రైవర్ని "నాలుగు రోజులుగా రాలేదేం?" అని అడిగితే "అడగడానికి మీరెవరు?" అన్నాడు. చూపించడానికి ఆవిడ చేతిలో ఒక కార్డు లేదు, ఆఫీసు గోడ మీద ఆవిడ పేరు లేదు. పక్కింటివాళ్లు మాత్రం ఆవిడ ఏ పార్టీ మనిషో, ఏ కాంట్రాక్టర్ తరఫో అనుకుంటూ ఉండేవారు. పేరు బయటికి రాని సభ్యుడికి పని చేసే అధికారం సగమే ఉంటుంది. వీధిలో సమస్య ఉన్న మనిషి ఎవర్ని అడగాలో తెలియక ఫోన్‌లో ఫోటో తీసి సోషల్ మీడియాలో పెట్టి తిట్టుకుంటాడు. రెండు వీధుల అవతల ఆ సమస్య కోసమే తిరుగుతున్న కమిటీ మనిషి ఉంటారు. ఈ ఇద్దరూ ఎప్పటికీ కలవరు.

అందుకని సన్మానం పెట్టమని నేను అడగడం లేదు. బెంగళూరు కట్టించిన కెంపేగౌడ జయంతికి అవార్డులిస్తారు, మైసూరు పేటా (తలపాగా) పెడతారు, శాలువా కప్పుతారు, పళ్ల బుట్ట ఇస్తారు. వీళ్లను ఆ జాబితాలో చేరిస్తే జాబితా పెరుగుతుందే తప్ప వార్డులో ఎవరికీ ఏమీ తెలియదు. శాలువా ఇంటికెళ్లి బీరువాలో పడుతుంది. మా పెద్దాయనకు అలాంటివి ఇప్పటికే ఆరేడు ఉంటాయి, ఏదో ఫ్యాక్టరీ యూనియన్ రోజులవి.

నేను అడిగేది గోడ. ప్రతి వార్డు ఆఫీసు బయటి గోడ మీద కమిటీ సభ్యుల పేర్లు, ఫోటోలు, మీటింగ్ ఎప్పుడు, ఎక్కడ అనేది శాశ్వతంగా పెయింట్ చేయించండి. ఫ్లెక్స్ వద్దు. 2018లో హైకోర్టు కోప్పడ్డాక తీసేసిన ఫ్లెక్సులు మళ్లీ ఎలా మొలుస్తున్నాయో అందరం చూస్తున్నాం, వాటిలో ఎవరి ముఖం పెద్దగా ఉంటుందో కూడా చూస్తున్నాం. గోడ మీద రాత అయితే ఎవరి పుట్టినరోజు వచ్చినా చెరగదు. ఆఫీసుకు ఎప్పుడూ రానివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి పార్కు గేటు దగ్గర, ప్రభుత్వం నడిపే ఇందిరా క్యాంటీన్ గోడ మీద కూడా రాయించండి. కూలిపని చేసుకునేవాళ్లు క్యాంటీన్ లైన్లో నిలబడి చదువుతారు. బోర్డు కన్నడలో ఉండాలి. షాపుల బోర్డులకు 60 శాతం కన్నడ అని 2024లో చట్టం చేశారు, దీనికి నూరు శాతం పెట్టినా మాకు అభ్యంతరం లేదు. తెలుగువాడికి కన్నడ అక్షరాలు కూడబలుక్కోవడం పెద్ద కష్టం కాదు. కావాలంటే అడుగున ఆ వార్డులో ఎక్కువగా మాట్లాడే భాషల్లో ఒక్క వరుస చాలు.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యం. పని జరిగే చోట బోర్డు పెడతారు, కాంట్రాక్టర్ పేరు, ఎన్ని లక్షలు, ఎప్పటికి పూర్తి అని. దానికి ఇంకో వరుస కలపండి: ఈ పని ఫలానా తేదీ వార్డు కమిటీ తీర్మానం ప్రకారం జరుగుతోంది. ఖర్చు రూపాయి కూడా పెరగదు. ఫుట్‌పాత్ ఎవరి ప్రయత్నంతో వచ్చిందో జనానికి తెలుస్తుంది. పని ఆగిపోతే ఎవర్ని కలుపుకుని అడగాలో కూడా తెలుస్తుంది. ఎమ్మెల్యే గారి ఫోటో కూడా పెట్టుకోండి, దానికి చోటు ఎప్పుడూ ఉంటుంది.

ఏప్రిల్లో 5 శాతం రాయితీ కోసం ఇంటి పన్ను కట్టే రసీదు మీద కూడా కమిటీ వివరాలు వేయొచ్చు. కానీ అది సొంతిల్లు ఉన్నవాళ్లకే చేరుతుంది. మాలాంటి అద్దె ఇళ్ల వార్డుల్లో అందరికీ చేరేది బెస్కాం కరెంటు బిల్లు ఒక్కటే. అది వేరే శాఖ అని తెలుసు. మీరు ఫోన్ చేస్తే కాదంటారని మాత్రం అనుకోను.

ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు దయచేసి బోర్డు మీద వేయించకండి. బిల్లు ఆగిపోయిన కాంట్రాక్టర్ రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఒంటరిగా ఉండే ఆడమనిషికి ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించండి. వార్డుకు ఒక ఈమెయిల్, ఆఫీసులో ఒక ఫిర్యాదుల రిజిస్టర్ ఉంటే సరిపోతుంది. సభ్యులకు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఇవ్వండి. పదవీకాలం అయిపోగానే వెనక్కి తీసుకోండి, లేకపోతే దాన్నీ బండి అద్దానికి అంటించుకుని తిరిగేవాళ్లు ఉంటారు.

పేర్లు బయటపెట్టడంలో మీకు కొంచెం ఇబ్బంది ఉండొచ్చు, దాచిపెట్టకుండా అంటున్నాను. కమిటీల్లో కొన్ని సీట్లు పార్టీ కార్యకర్తలకు వెళ్తాయని అందరికీ తెలుసు. ఏ పార్టీ ఉన్నా అంతే. కార్యకర్త అయినంత మాత్రాన పని చేయడని కాదు. ఎవరు వస్తున్నారో, ఎవరు రావడం లేదో జనానికి కనబడాలి. అందుకే పేర్ల పక్కన హాజరు కూడా వేయించమంటున్నాను. పన్నెండు మీటింగుల్లో పదకొండుకు వచ్చిన మనిషికి ఆ అంకె ఒక గౌరవం. రెండుకే వచ్చినవాళ్లను కాలనీవాళ్లే పలకరిస్తారు. మినిట్స్ (మీటింగులో ఏం జరిగిందో రాసిన కాగితం) నెట్‌లో పెడితే పెట్టారు గానీ, వాటి ప్రింటు ఒకటి నోటీసు బోర్డు మీద కూడా ఉండాలి. కంప్యూటర్లో ఏ ఫోల్డర్లో ఉందో వెతుక్కునే ఓపిక ఐటీ వాళ్లకే లేదు.

మావాళ్లతో కూడా ఒక మాట. మనలో చాలామంది ఓటు ఊళ్లో ఉంచుకుని బతుకు ఇక్కడ బతుకుతున్నాం. 2019 ఏప్రిల్లో, 2024 మేలో పోలింగ్ ముందు రోజు ఆంధ్రా బస్సుల్లో సీటు దొరకలేదు. ఊరి మీద ప్రేమ మంచిదే. కానీ రోజూ తొక్కే రోడ్డు ఈ వార్డులో ఉంది. ఓటు ఇక్కడ లేనప్పుడు కమిటీలో మన తరఫు మనిషి ఎందుకు లేడని అడగడానికి నోరు రాదు. ఇక్కడే ఓటున్నవాళ్లు కొత్త కమిటీలకు దరఖాస్తు పెట్టుకోండి. కన్నడ తడబడినా ఫర్వాలేదు, మీటింగులో ఎవరూ నవ్వరు. వరంగల్లో ఉండే మా బంధువును అడిగాను. తెలంగాణలో 2019 చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది ఉండాలి. వాళ్ల వార్డులో ఆ అరవై మందిలో ఒక్కరి పేరు కూడా ఆయనకు తెలియదు. కాబట్టి ఈ జబ్బు బెంగళూరుదే కాదు, కానీ వైద్యం ఇక్కడ మొదలుపెట్టొచ్చు.

చివరిగా, మంత్రి గారూ, పాత కమిటీల సభ్యుల జాబితా కార్పొరేషన్ల దగ్గర ఫైళ్లలో ఉండే ఉంటుంది. వాళ్లందరికీ కమిషనర్ సంతకంతో ఒక ఉత్తరం పంపించండి. ఊరికే కృతజ్ఞతలని కాకుండా, మీ కమిటీ చేసిన తీర్మానాలు ఇన్ని, వాటిలో అయినవి ఇవి, కానివి ఇవి, ఎందుకు కాలేదంటే ఇదీ కారణం అని రాయించండి. మా పెద్దాయన నోటుబుక్కులో పదకొండు స్తంభాల ఎదురుగా "జవాబు లేదు" అని ఉంది. ఆ పదకొండింటి సంగతి తెలిస్తే ఆయనకు అంతకంటే ఏమీ అక్కర్లేదట. ఉత్తరం కన్నడలో వచ్చినా ఆయన చదువుకోగలరు.

ఇట్లు,
బెంగళూరు తూర్పు కార్పొరేషన్ పరిధిలో ఓటున్న ఒక తెలుగు నివాసి