2024–25 వార్షిక నివేదిక: ఎనిమిది మంది కూర్చునే ఆట

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, మురుగు కాలువ పూడికతీత, వినాయక చవితి పందిరి ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదువుతారు. ఏడాది మొత్తంలో కొత్తగా చేసిన పని ఒక్కటే కనుక ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మన పిల్లలు చదివే ఉన్నత పాఠశాల ఖోఖో జట్టుకు సాయపడాలని నిరుడు జూన్‌లో తీర్మానించాం. ఇచ్చింది పెద్దగా ఏమీ లేదు. రెండు స్తంభాలు, గీతలకు సున్నం, సాధన అయ్యాక తలా గుప్పెడు గుగ్గిళ్లు. క్రికెట్ సామాను కొనిద్దామన్న సభ్యులూ ఉన్నారు. ఈ ఆటకు బూట్లు కూడా అక్కర్లేదని వ్యాయామ ఉపాధ్యాయుడు చెప్పాక ఆ చర్చ అంతటితో ఆగింది.

ఆట తెలియని వారి కోసం రెండు ముక్కలు. తరిమే జట్టులో తొమ్మిది మంది ఉంటారు. ఎనిమిది మంది నడిమి గీత మీది గడుల్లో ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటారు. తొమ్మిదోవాడు తరుముతాడు. అతడు నడిమి గీత దాటకూడదు. ఒక దిక్కుకు కదిలాక, స్తంభం దాకా వెళ్తే తప్ప వెనక్కి మళ్లకూడదు. తప్పించుకునేవాడికి ఈ కట్టుబాట్లేవీ లేవు, కూర్చున్నవాళ్ల మధ్య నుంచి అటూ ఇటూ దూరిపోతాడు. కాబట్టి ఎంత వేగం ఉన్నా ఒక్కడి వల్ల కాదు. కూర్చున్నవాడి వీపు తట్టి ‘ఖో’ అనాలి, అతడు లేచిన గడిలో తాను కూర్చోవాలి.

మన జట్టులో అందరికంటే వేగం ఒక తొమ్మిదో తరగతి అబ్బాయిది. మొదటి నెలంతా వాడు ఖో ఇవ్వనే లేదు. రొప్పుతూ తరిమేవాడు, మిగతా ఎనిమిది మంది మోకాళ్లు నొప్పెట్టేలా చూస్తూ ఉండేవారు. మాస్టారు తిట్టలేదు. వారం రోజులు వాణ్ని స్తంభం పక్క గడిలో కూర్చోబెట్టారు. మూడో రోజు వీపు మీద దెబ్బ పడినా వాడు లేవలేదు, గట్టు మీదున్న స్నేహితుడితో ఏదో చెబుతున్నాడు. తప్పించుకునే పిల్లవాడు చేయి చాపితే అందే దూరంలోంచి నవ్వుతూ వెళ్లిపోయాడు. ఖో ఇచ్చినవాడు నడుము మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆ సాయంత్రం మన తొమ్మిదో తరగతి అబ్బాయి గుగ్గిళ్లు ముట్టలేదు.

మండల స్థాయి పోటీల్లో అదే అబ్బాయి ప్రత్యర్థికి రెండడుగుల వెనక ఉన్నాడు. ఇంకొంచెం సాగితే తానే అందుకునేవాడేమో. సాగలేదు, పక్క గడిలోని ఎనిమిదో తరగతి బక్కపిల్లవాడికి ఖో ఇచ్చాడు. వాడు లేచి రెండంగల్లో ముట్టేశాడు. చప్పట్లన్నీ ఆ బక్కపిల్లవాడికే పడ్డాయి. మనవాడు అప్పటికే గడిలో కూర్చుని, వేళ్లు నేలకు ఆనించి సిద్ధంగా ఉన్నాడు.

తర్వాతి మ్యాచ్ ఓడిపోయాం. చివరి నిమిషంలో ఒకడు ఖో అందకముందే లేచాడు. తిరుగు ప్రయాణంలో ఆటోలో సగం దూరం ఎవరూ నోరు విప్పలేదు. ఆ తర్వాత తప్పు చేసినవాడే ‘నేను తొందరపడ్డాను’ అన్నాడు. అంతే, మళ్లీ ఎప్పటి గోల మొదలైంది. ధ్రువపత్రమైనా రాలేదు, లాభమేమిటని ఒక తండ్రి నన్ను అడిగారు. ఆ లాభాన్ని పద్దుల పుస్తకంలో ఏ ఖాతా కింద రాయాలో నాకు తెలియలేదు. ఆయనను ఒక సాయంత్రం గట్టు మీదికి రమ్మన్నాను. ఇంకా రాలేదు.

2025 జనవరిలో ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచకప్ జరిగింది. పురుషుల కప్పు, మహిళల కప్పు రెండూ మన దేశానికే వచ్చాయి, రెండు ఫైనళ్లలోనూ ప్రత్యర్థి నేపాలే. ఆ వారమే అమ్మాయిల జట్టు కుదిరింది. అదే నెల నుంచి పదో తరగతి పిల్లలు పరీక్షల పేరుతో మానేశారు, ఆటల పీరియడ్‌ను లెక్కలు మింగేశాయి. ఆ పీరియడ్ తిరిగి ఇమ్మని బడివాళ్లను అడిగాం, మార్చి దాటనివ్వమన్నారు. దాటాక సెలవులొచ్చాయి. ఈసారి జూన్‌లోనే అడగాలని కమిటీ నిర్ణయించింది.

అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి పాత సామాన్ల గది ఖాళీ చేసి ఇస్తామన్నారు, తాళం ఇంకా మన చేతికి రాలేదు. మైదానం మూల గుంటకు వానల్లోపు రెండు ట్రాక్టర్ల మొరం కావాలి, తోలించగలవారు చెప్పండి. గుగ్గిళ్ల వంతుల్లో మంగళవారం, శుక్రవారం ఖాళీగా ఉన్నాయి.

ఇట్లు
కార్యదర్శి