ఆరు వారాలుగా జవాబు లేని నా ఫిర్యాదు గురించి

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అమలాపురం నుండి రిటైరైన ఆర్టీసీ డ్రైవరు నమస్కరించి రాయునది.

మీ సిటీ బస్సు నడిపే వీడియో ఆటకు వచ్చిన కొత్త అప్‌డేట్ వేసుకున్న రాత్రి, 14 నెలలుగా నేను నడిపిన డ్యూటీల లెక్కంతా చెరిగిపోయింది. యంత్రమన్నాక చెడిపోతుంది, బస్సు దారిలో ఆగిపోవడం నాకు కొత్త కాదు. ఆ తర్వాత ఆరు వారాలు మీవారు నాతో నడుచుకున్న తీరుకే నా మనసు కష్టపడింది.

మొదటి రోజు చాట్‌లో మాట్లాడినవారు స్క్రీన్ ఫొటో పంపమంటే పంపాను. రెండు రోజులకు వేరొకరు వచ్చి, వెనకటి సంగతి ఒక్క ముక్క చదవకుండా, అదే ఫొటో మళ్లీ అడిగారు. మూడోవారు ఆట తీసేసి తిరిగి ఎక్కించమన్నారు. మా మనవడు కాలేజీ మానుకుని ఆ పని చేసిపెట్టినా ఫలితం లేకపోయింది. పై అధికారితో మాట్లాడించమని అడిగితే 24 గంటల్లో ఫోను వస్తుందన్నారు. ఆ రోజు బజారుకైనా వెళ్లకుండా, స్నానానికి వెళ్తూ ఫోను మా ఆవిడ చేతికిచ్చి, రాత్రి పదింటి దాకా కూర్చున్నాను. రాలేదు. పదకొండో రోజున 'మీ సమస్య పరిష్కారమైనది' అని మెయిలు వచ్చింది. ఏం పరిష్కరించారని అడిగితే, ఆ చిరునామాకు వచ్చే మెయిళ్లు ఎవరూ చూడరని ఇంకో మెయిలు వచ్చింది.

అయ్యా, నేను 29 ఏళ్లు బస్సు నడిపాను. మా కండక్టర్ల దగ్గర ఫిర్యాదుల పుస్తకం ఉండేది. 2002లో ఎదుర్లంక వంతెన రాకముందు, యానాం నుంచి పంటు మీద గోదావరి దాటి వస్తున్న జనం కోసం ఆగకుండా ఒకసారి బస్సు తీసేశాను. అందుకు ముమ్మిడివరం ప్రయాణికుడొకాయన ఆ పుస్తకంలో నాలుగు వరుసలు రాశారు. మూడో రోజున డిపో మేనేజరు గారు నన్ను పిలిపించి సంజాయిషీ రాయించుకున్నారు, ఆయనకు జవాబు ఉత్తరం పంపించారు. తప్పు నాదే, ఒప్పుకున్నాను. నాలుగు వరుసలకు అంత విలువ ఇచ్చేవారు. మీకు నేను 17 మెయిళ్లు రాశాను.

మోకాళ్ల నొప్పులతో స్టీరింగుకు దూరమైన నాకు మీ ఆట మళ్లీ ఆ సీటు ఇచ్చింది. అందులోని ఐరోపా ఊళ్లో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు, తలుపులు కుడివైపు తెరుచుకుంటాయి. ఇన్నేళ్లు ఎడమచేత్తో గేరు వేసిన నాకు అది అలవాటు కావడానికి నెల పట్టింది. ఫుట్‌పాత్‌కు జానెడు దూరంలో బండి ఆపి, గాలి బ్రేకు బుస్సుమన్నాక తలుపు తీసి, చేతికర్ర ముసలావిడ కూర్చునేదాకా అద్దంలో చూసి కదిలేవాణ్ణి. టైముకు ముగించిన డ్యూటీలు 312. డబ్బు పెట్టి మరో రెండు రూట్లు కొన్నాను. నా మాట మీద మా పాత డ్రైవర్లు ముగ్గురు ఈ ఆట కొనుక్కున్నారు. ఇప్పుడు వాళ్లకు ఏం చెప్పమంటారు?

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా దానిని పరిష్కరించాలి. పాత లెక్క మీ సర్వరులో ఉంటే తిరిగి ఇప్పించండి. లేకపోతే, లేదని ఒక మనిషి తన పేరు పెట్టి నాకు రాయాలి. 15 రోజుల్లో ఈ రెండింటిలో ఏదీ జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, ఆపైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మా వాళ్లు ముగ్గురూ సాక్ష్యానికి వస్తామన్నారు.

మీరు ఇచ్చిన నాలుగు ఫిర్యాదు నంబర్లూ, మెయిళ్ల నకళ్లూ జతచేశాను.

ఇట్లు,
రిటైర్డ్ బస్సు డ్రైవరు,
అమలాపురం