క్లీనర్లు వేసుకోమని చెప్పకండి సార్

ఎడిటర్ గారికి నమస్తే. మొన్న ఆదివారం టెక్ పేజీలో, సిస్టమ్‌లోంచి పోని సాఫ్ట్‌వేర్ ఉంటే ఏదో ఒక ఫ్రీ క్లీనర్ (సిస్టమ్‌లో చెత్త తీసేస్తామని చెప్పుకునే సాఫ్ట్‌వేర్) వేసుకోమని రాశారు, దయచేసి అలా రాయకండి. నరసరావుపేటలో మాదో చిన్న డీటీపీ షాపు, సిస్టమ్స్ రిపేర్లు కూడా చూస్తాం, మా దగ్గరకొచ్చే ల్యాప్‌టాప్‌లలో తియ్యాల్సినవే ఈ క్లీనర్లు, పీసీ బూస్టర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు. బాగా పేరున్న సీక్లీనర్‌లోనే 2017లో హ్యాకర్లు వైరస్ కలిపేస్తే నెల రోజుల పాటు కంపెనీ సైట్ నుంచే దిగింది, 22 లక్షల పైచిలుకు కంప్యూటర్లలోకి వెళ్ళింది. ఇక పేరు తెలీని వాటి సంగతి చెప్పాలా? రిజిస్ట్రీని, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటుని, శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని మేం సపోర్ట్ చెయ్యం అని మైక్రోసాఫ్టే చెప్తోంది.

అసలు ఎక్కువమందికి పోనిదేంటంటే కొత్త ల్యాప్‌టాప్‌తో ట్రయల్ కింద వచ్చే యాంటీవైరస్. టైమ్ అయిపోగానే రెన్యూవల్ రెన్యూవల్ అని ప్రాణం తీస్తుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అన్‌ఇన్‌స్టాల్ కొడితే సగం పోయి సగం ఉంటుంది. దానికీ ఓ కారణం ఉందిలెండి, వైరస్ వచ్చి దాన్ని తీసెయ్యకుండా తనని తాను కాపాడుకునేలా తయారుచేస్తారు, డ్రైవర్లు అనే దాని ముక్కలు విండోస్ లోపలిదాకా వెళ్ళి కూర్చుంటాయి. అందుకే మెకాఫీ, నార్టన్, అవాస్ట్, ఈసెట్ లాంటివాళ్ళు తీసెయ్యడానికి వేరే టూల్ ఫ్రీగా ఇస్తారు, వాళ్ళ సొంత సైట్‌లోంచే దించుకుని అక్కడ చెప్పినట్టు రన్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలు. అది పోయాక కంప్యూటర్‌కి దిక్కెవరని భయం వద్దు, విండోస్‌లో ఉన్న డిఫెండర్ తనంతట తనే ఆన్ అవుతుంది. మామూలు ప్రోగ్రామ్ ఏదైనా అన్‌ఇన్‌స్టాల్‌లో ఎర్రర్ ఇస్తుంటే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ సైట్‌లో ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ అని ఒకటుంది, ముందు అది చూడాలి. సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్‌ని కనీస అవసరాలతో మాత్రమే ఆన్ చేసి, తియ్యమని అందరూ చెప్తారు గానీ అందులో ప్రోగ్రాములు ఎక్కించే, తీసే విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు మామూలుగా నడవదు కాబట్టి చాలా ప్రోగ్రాములు అక్కడ అన్‌ఇన్‌స్టాల్ అవ్వవు.

ఇంకొకటి, స్క్రీన్ కింద కుడి మూల మీ పీసీలో 5 వైరస్‌లు ఉన్నాయి అని టింగుమని వచ్చేవి చాలాసార్లు సాఫ్ట్‌వేరే కాదు. ఏదో సినిమా సైట్‌లో అలౌ నొక్కి ఉంటారు, అది బ్రౌజర్ నోటిఫికేషన్. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కి వెళ్ళి ఆ సైట్‌ని తీసేస్తే అక్కడితో ఆగిపోతుంది. ఇంత చిన్న దానికి కొన్ని షాపుల్లో ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఫార్మాట్ కొట్టేసి డబ్బులు తీసుకుంటున్నారు, పిల్లల ఫొటోలు, షాపు లెక్కల టాలీ డేటా అంతా పోయాక అప్పుడు మా దగ్గరికి వస్తారు, ఏం చెయ్యగలం చెప్పండి. మా లైన్‌లో వాళ్ళ మీదే రాస్తున్నానని కోపమొచ్చినా పర్లేదు.

కంపెనీల వైపు కూడా ఒక మాట. 2023 నవంబర్ 30న కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కస్టమర్లని మభ్యపెట్టే పద్ధతులు) గైడ్‌లైన్స్ అని తెచ్చింది, 13 రకాల మోసాలు పేర్లు పెట్టి రాశారు, అందులో మాటిమాటికీ విసిగించడం ఉంది, వైరస్ ఉందని భయపెట్టి డబ్బు లాగడం ఉంది, సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చెయ్యనివ్వకపోవడం ఉంది. సాఫ్ట్‌వేర్ తీసెయ్యనివ్వకపోవడం మాత్రం విడిగా లేదు. యూరప్‌లో చట్టం తెచ్చాక 2024 నుంచి అక్కడివాళ్ళు విండోస్‌తో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌ని కూడా తీసేసుకోవచ్చు, అదే విండోస్‌కి డబ్బులు కట్టే మనకి ఆ బటన్ ఇవ్వలేదు, ఇక్కడా గట్టిగా అడగాలి. ఆ 13కి దీన్నీ కలపమని మన ఎంపీలు అడిగితే బాగుంటుంది. ఈలోగా రెన్యూవల్ పేరుతో చెప్పకుండా కార్డులోంచి డబ్బు కట్ అయితే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చని మీ పేపర్లో ఒక బాక్స్ కట్టి వెయ్యండి, పక్కనే ఆ నోటిఫికేషన్స్ ఆపే పద్ధతి స్క్రీన్‌షాట్లతో పెడితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు ఓనరు, నరసరావుపేట